ఈజిప్టు ఇసుకలో అంతేసి రాళ్ళు ఎలా లాగారు? మా వాడికి ఏం చెప్పను?

బుజ్జిగాడి అమ్మ:
మా వాడు ఏడో తరగతి. పిరమిడ్ల మీద ఏదో వీడియో చూసి, "అవి మనుషులు కట్టినవి కాదంట, వేరే గ్రహం వాళ్ళు వచ్చి పెట్టారంట" అంటున్నాడు. కాదురా అన్నాను. "మరి ఎలా కట్టారు? ఇసుకలో చక్రం దిగబడుతుంది కదా. మొన్న బీచ్‌లో మన స్కూటీయే కూరుకుపోయింది" అని ఎదురడిగాడు. నా దగ్గర జవాబు లేదు. రాయి ఒక్కోటి సగటున రెండున్నర టన్నులట. క్రేను లేదు, ఇనుము కూడా లేదు. తెలిసినవాళ్ళు వాడికి అర్థమయ్యేలా చెప్పండి.

పాత పుస్తకాలు:
లక్షమంది బానిసల్ని కొరడాలతో కొట్టి లాగించారండీ. అంతమంది ఉంటే కొండైనా కదులుతుంది.

రాతిపని:
అమ్మా, మీ అబ్బాయి అసలు చోటే పట్టుకున్నాడు. ఇసుకలో చక్రం దిగబడుతుంది. అందుకే ఆ రాళ్ళకి వాళ్ళు వాడింది చక్రాల్లేని బండి. రెండు పొడుగాటి దుంగలు, వాటి మీద అడ్డకర్రలు, అంతే. బరువు దుంగల పొడవునా పరుచుకుంటుంది కాబట్టి కూరుకుపోదు.

దీనికి వాళ్ళు గీసిన బొమ్మే ఉంది. దెయిర్ ఎల్ బెర్షాలో జెహూతీహోతెప్ అనే అధికారి సమాధి గోడ మీద, సుమారు 3,900 ఏళ్ళ కిందటిది. బండి మీద కూర్చున్న విగ్రహం, ఎత్తు పదమూడు మూరలని పక్కనే రాశారు. బరువు 58 టన్నుల దాకా ఉంటుందని లెక్క కట్టారు. నాలుగు వరసల్లో 172 మంది మోకులు పట్టి లాగుతున్నారు. నా కళ్ళు మాత్రం ఆ బొమ్మలో ఇద్దరి దగ్గరే ఆగిపోతాయి. ఒకడు విగ్రహం మోకాళ్ళ మీద నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఇంకొకడు పాదాల దగ్గర నిలబడి బండి ముందు నేల మీద కుండతో నీళ్ళు పోస్తున్నాడు.

ఆ చప్పట్లవాడు ఎవరో మా ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మాది తరాలుగా రాయి కొట్టే ఇల్లు. ముసలితనంలో మా తాత పని అదే. పక్కన నిలబడి "ఐలే..." అని సాగదీసేవాడు, "సా" దగ్గర అందరి ఒళ్ళూ ఒక్కసారి మోకు మీద పడాలి. పదిమంది పది రకాలుగా లాగితే మనుషులు అలిసిపోతారు, రాయి అక్కడే ఉంటుంది. పై అన్నగారి కొరడా మాట నేను ఒప్పుకోను. గీజాలో 1990లో పనివాళ్ళ సమాధులు బయటపడ్డాయి, పిరమిడ్ దాపునే. విరిగి అతుక్కున్న ఎముకలు కనిపించాయి, అంటే దెబ్బ తగిలినవాణ్ణి ఎవరో కట్టుకట్టి బాగుచేశారు. బానిసని అలా చూసుకుని, రాజుగారి పక్కన పాతిపెట్టరు.

ఇక నీళ్ళు. అది ఏదో పూజ అని చాలాకాలం అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు చిన్న బండితో చేసి చూశారు. పొడి ఇసుకలో బండి ముందు ఇసుక కుప్పపడి అడ్డం తగులుతుంది. తగుమాత్రం తడిపితే ఇసుక గట్టిపడి, లాగడానికి సగం బలం సరిపోయింది. నీళ్ళు మరీ ఎక్కువైతే మళ్ళీ బరువెక్కుతుంది.

ఇప్పుడు నా కళ్ళతో చూసింది చెప్తాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా పశువుల నీళ్ళ తొట్టి జరపాల్సి వచ్చింది. నల్లరాయి, ఆరడుగుల పొడవు, టన్నున్నరకి పైనే ఉంటుంది. ఉన్నది నలుగురు మనుషులు, రెండు గడ్డపారలు. తాత ఎవర్నీ ఎత్తనివ్వలేదు. ఒక కొస కింద గడ్డపార దూర్చి, దాని కింద చిన్న రాయి ఆనిక పెట్టి తొక్కితే తొట్టి వేలెడు లేచింది. ఆ సందులో రాతి చెక్క తోశారు. రెండో కొస వేలెడు. మళ్ళీ ఈ కొస. అలా జానెడు లేచాక తుమ్మ దుంగలు దూర్చారు. మోకు కట్టి లాగుతుంటే వెనక బయటపడ్డ దుంగని నేనూ మా అన్నా ముందుకి మోసుకెళ్ళి పెట్టేవాళ్ళం. గోడ దగ్గర మలుపు వచ్చింది. దుంగలు తీయించి, తొట్టి సరిగ్గా నడుమ కింద గుప్పెడంత గట్టి రాయి ఒకటి ఉంచి, దాని మీదికి దించాడు తాత. "తొయ్యరా" అన్నాడు నన్ను. కొసన చేతులు ఆన్చి తోశాను. తిరిగింది. కింద కిరకిరమని సన్న చప్పుడు, సున్నం లాంటి తెల్ల పొడి. ఆ బరువు నా చేతులకి లొంగడం ఈ రోజుకీ ఒళ్ళు మర్చిపోలేదు.

ఇనుము లేదన్నారు కదా, మెత్తరాయికి రాగి ఉలి చాలు. గ్రానైటుకి చాలదు, దాన్ని ఇంకా గట్టి డోలరైటు గుండ్లతో మోది మోది పొడి చేసేవారు. అస్వాన్ గనిలో సుమారు 42 మీటర్ల స్తంభం ఒకటి ఇంకా నేలకి అంటుకునే పడి ఉంది, వెయ్యి టన్నుల పైమాట. చెక్కుతుండగా బీట ఇచ్చింది, వదిలేశారు. ఫొటోలో ఆ బీట చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది. అన్ని నెలల చేతికష్టం.

చరిత్ర విద్యార్థి:
రాతిపని గారి మాటకి ఒక్క చేర్పు. చాలా రాళ్ళు గీజా పక్క గనుల్లోవే, దూరం నుంచి తెచ్చినవాటిని మాత్రం దారంతా నేల మీద లాగలేదు, ఎక్కువ దూరం నైలు నది మోసింది. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్‌లో పియెర్ తాలే బృందానికి పాపిరస్ చుట్టలు, అంటే జమ్ములాంటి మొక్కతో చేసిన కాగితాలు, దొరికాయి. గీజా పెద్ద పిరమిడ్ కట్టించిన ఖుఫూ రాజు కాలం నాటి మేరేర్ అనే అధికారి రోజువారీ పద్దు అది. సుమారు నలభైమందితో తూరా గనుల నుంచి సున్నపురాయి పడవకెత్తి గీజాకి తెచ్చాడు, పదిరోజులకి రెండు మూడు సార్లు. ఏ రోజు ఎక్కించారు, ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారు, అన్నీ రాశాడు. బాబుకి ఇది చెప్పండి, గ్రహాంతరవాసులు హాజరుపట్టీ రాసుకోరు కదా. పైకెక్కించడానికి ఏటవాలు బాటలు. 2018లో హత్‌నూబ్ గనిలో ఖుఫూ కాలపు బాట ఒకటి వెల్లడైంది, రెండు పక్కలా మెట్లు, గుంజలు పాతిన గుంతలు. మోకుని గుంజకి చుట్టి లాగారని దాన్నిబట్టి అనుకుంటున్నారు.

బుజ్జిగాడి అమ్మ:
అందరికీ చాలా థాంక్సండీ. ఆదివారం మావాడూ నేనూ పెద్ద ట్రేలో ఇసుక పోసి, చెక్కపలక మీద ఇటుక పెట్టి, లగేజీ తూచే కాటాతో లాగాం. పొడి ఇసుకలో కిలోన్నర దగ్గర కదిలింది. చెంబుతో చిలకరించి లాగితే తొమ్మిదివందల గ్రాములు. వాడు ఉత్సాహంగా చెంబంతా కుమ్మరించాడు, మళ్ళీ పన్నెండువందలకి ఎక్కింది. నోట్‌బుక్‌లో మూడు అంకెలూ రాసుకుని తేదీ కూడా వేశాడు, మేరేర్ లాగా అట.

రాతిపని గారూ, ఆ తొట్టి ఇప్పుడు ఎక్కడుందో అడగమంటున్నాడు.

రాతిపని:
తాత పెట్టిన చోటే ఉంది నాన్నా. గేదెలు లేవు గానీ వేసవిలో పిచ్చుకలకి నీళ్ళు పోస్తాం. ఆ తిప్పిన రాయి దాని కిందే ఉండిపోయింది. ఈసారి పొడి ఇసుకలో లాగినప్పుడు పలక ముందు అంచు చూడు, కుప్ప ఎంత ఎత్తు లేస్తుందో స్కేలు పెట్టి కొలువు.