పీతోదకా జగ్ధతృణా: ఇవి ఏ ఆవులు?

ప్రశ్న: కఠోపనిషత్తు మొదటి వల్లిలోని ఈ శ్లోకం చూడండి.

పీతోదకా జగ్ధతృణా దుగ్ధదోహా నిరింద్రియాః ।
అనందా నామ తే లోకాస్తాన్ స గచ్ఛతి తా దదత్ ॥

ఇక్కడ ఆవులంటే మన ఇంద్రియాలే అని ఒక ప్రవచనంలో విన్నాను. ఆ అన్వయం కుదురుతుందా?

జవాబు: 'గో' శబ్దానికి ఇంద్రియమనే అర్థం ఉన్న మాట నిజమే. కానీ ఇక్కడ పెడితే 'నిరింద్రియాః' దగ్గర బండి ఆగిపోతుంది. ఇంద్రియాలకు ఇంద్రియాలు లేకపోవడమేమిటి? శంకరులు ఆ మాటకు ఈనే శక్తి లేనివని సూటిగా అర్థం చెప్పారు. తాగాల్సిన నీళ్ళు తాగేశాయి, మేయాల్సిన గడ్డి మేసేశాయి, ఇవ్వాల్సిన పాలు ఇచ్చేశాయి. అలాంటివాటిని దానమిచ్చేవాడు ఆనందం లేని లోకాలకు పోతాడని శ్లోకం అంటోంది. ఆవుల్ని ఆవులుగానే ఉంచుదాం.

నా మటుకు ప్రతీక ఆవుల్లో లేదు, ఇచ్చే చేతిలో ఉంది. నచికేతుడి తండ్రి వాజశ్రవసుడు చేస్తున్నది ఉన్నదంతా ఇచ్చేయాల్సిన యాగం. లెక్క ప్రకారం ఇస్తూనే ఉన్నాడు, ఎవరూ తప్పు పట్టలేరు. కాకపోతే పోయినా బాధ లేనివే పోతున్నాయి. మనమూ అంతేగా! ఒళ్ళంతా అలిసిపోయాక మిగిలిన అరగంట ఇంట్లోవాళ్ళకిచ్చి 'నా టైమంతా మీకే' అంటాం. అవతలివాడు ఎలాగూ మరిచిపోయాడని ఖాయమయ్యాక తీరిగ్గా సారీ చెప్తాం. అబద్ధం ఆడినట్టు కాదు, నిజంగా ఇచ్చినట్టూ కాదు.

ఈ కథ చదివే ప్రతివాడూ తనను నచికేతుడనుకుంటాడు (నేనూ అంతే, చాలా హాయిగా ఉంటుంది). అలా చదివితే పక్కవాడి వట్టిపోయిన ఆవులే కనిపిస్తాయి. తండ్రి స్థానంలో నిలబడి చదివి చూడండి. 'నన్నెవరికిస్తావు?' అని కొడుకు రెండోసారి, మూడోసారి అడుగుతుంటే ఆయనకు ఎందుకంత కోపం వచ్చిందో తెలుస్తుంది. 'మృత్యువుకిస్తాను' అన్నది దొరికిపోయినవాడి మాట.

మరో సభ్యుడు: అలాగైతే నచికేతుడు ఆ తండ్రి అంతరాత్మే అనేయొచ్చుగా?

జవాబు: 'నన్నెవరికిస్తావు?' అని అడిగేదాకా బాగానే నప్పుతుంది. శ్రద్ధ అతనిలో ప్రవేశించిందని ఉపనిషత్తే అంటోంది కాబట్టి కాస్త ఊతం కూడా ఉంది. కానీ తండ్రి మాట ప్రకారం యముడి దగ్గరికి వెళ్ళాక అతను కోరిన మొదటి వరం గుర్తుందా? నాన్న కోపం చల్లారాలి, తిరిగి వెళ్ళాక నన్ను గుర్తుపట్టి పలకరించాలి అని. దీన్ని కూడా అంతరాత్మకు అతికించాలంటే చాలా లాగాలి, పైగా ఆ పిల్లాడి బెంగ కాస్తా ఎగిరిపోతుంది. అక్కడ నేను కొడుకును కొడుకుగానే చదువుతాను.