ఒక్క వరదకు వాతావరణ మార్పును కారణంగా చూపవచ్చునా?

కడప సభ్యుడు:
2021 నవంబర్ 19 తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం మట్టికట్ట తెగి, పులపుత్తూరు, మందపల్లి వంటి ఊళ్లను ముంచింది. ఇటువంటి ప్రతి విపత్తుకూ శాస్త్రవేత్తలు వాతావరణ మార్పు పేరు చెబితే, కట్టల నిర్వహణపై అడగవలసిన ప్రశ్న మరుగున పడుతుంది. ఫలానా వానకు కారణం ఫలానా అని తేల్చగల శాస్త్రం ఉందని నేను నమ్మను.

అనంతపురం సభ్యురాలు:
మీ ఆవేదన న్యాయమైనదే. అయితే ఈ రంగంలోని శాస్త్రవేత్తలు లెక్కించేది అటువంటి వాన కురిసే అవకాశం ఎంత మారిందన్నదే. బ్రిటన్ వాతావరణ సంస్థకు చెందిన పీటర్ స్టాట్ తన వృత్తిజీవితంలో చాలా భాగం ఈ ప్రశ్నకే వెచ్చించారు. 2003 వేసవిలో ఐరోపాలో వేలాది ప్రాణాలు తీసిన తీవ్ర వేడిని తీసుకుని, మనుషులు వదిలిన వాయువులు ఉంటే ఎలా ఉండేదో, లేకుంటే ఎలా ఉండేదో కంప్యూటర్ నమూనాలతో పోల్చి చూశారు. అంతటి వేసవి వచ్చే ముప్పును మానవ ప్రభావం కనీసం రెట్టింపు చేసి ఉండడానికి 90 శాతానికి పైగా అవకాశం ఉందని 2004లో సహచరులతో కలిసి ప్రచురించారు.

వేడి విషయంలో ఈ లెక్క గట్టిగా నిలుస్తుంది. వాన విషయంలో మీ సందేహానికి చోటుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. కానీ ఆ తేమ ఏ వాగు పరీవాహకంలో కురుస్తుందన్నది వాయుగుండం దారిని బట్టి, కొండల వాలును బట్టి ఉంటుంది. అందుకే దశాబ్దాల తరబడి రోజూ ఉదయం వర్షమాపకం చూసి రాసిన లెక్కలు కావాలి. అవి చాలనప్పుడు ‘తేల్చలేకపోయాము’ అని రాయడం కూడా వారి పనిలో భాగమే, నాకు ఈ వృత్తిపై గౌరవం కలిగించింది అదే.

ఇక కట్ట సంగతి. ముప్పు పెరిగిందని తేలితే నిర్వహించేవారి బాధ్యత ఇంకా పెరుగుతుంది. పాత వానల లెక్కతో కట్టిన గేట్లు రేపటి వరదను వదలగలవా అని అధికారులను నిలదీయడానికి మన చేతిలో ఉండే ఆధారం ఆ అంకెలే.

కడప సభ్యుడు:
బాధ్యత పెరుగుతుందన్న మాటను అంగీకరిస్తున్నాను, అమ్మా. కానీ ఈ లెక్కలన్నీ విపత్తు గడిచాక వచ్చేవి. చెయ్యేటి ఒడ్డున నిద్రపోతున్నవారికి ముందురోజు సాయంత్రమే హెచ్చరిక అందించే పనికి ఇవి ఎలా ఉపయోగపడతాయో కూడా చెప్పండి.