చలికాలం గోల్ఫ్: తాత్కాలిక గ్రీన్‌ల మీద ఆడటానికి పూర్తి ఫీజు కట్టాలా?

సర్రే_సుబ్బడు:
మా క్లబ్బు చలికాలం నోటీసు నిన్న వచ్చింది. లండన్‌కి పడమటి వైపు, బంకమట్టి నేల మీద ఉన్న మామూలు క్లబ్బు. నోటీసులో ఉన్నది ఇదీ: ఫ్రాస్ట్ (గడ్డి మీద పేరుకునే మంచు) పడిన రోజు కోర్సు గడ్డి చూసుకునే గ్రీన్‌కీపర్ తెల్లారగానే కోర్సంతా చూసి ఏం చేయాలో తేలుస్తాడు. పొద్దున 7:15కి మెసేజ్ వస్తుంది. అవసరమైతే అసలు గ్రీన్‌లు (కన్నం చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మూసేసి, ఫెయిర్‌వే (గ్రీన్ దాకా ఉండే కోసిన గడ్డి బాట) చివర గడ్డి కొట్టి పెట్టిన తాత్కాలిక గ్రీన్‌ల మీద ఆడాలి. నేల తడిగా ఉంటే బ్యాగు లాక్కెళ్లే ట్రాలీలు బంద్, బ్యాగు భుజాన వేసుకోవాల్సిందే. ఫెయిర్‌వేలో బంతిని చిన్న మ్యాట్ మీద పెట్టి కొట్టాలి. వీటి కిందే పండగ కబుర్లు: జంటల వింటర్ లీగ్, క్రిస్మస్ ముందు టర్కీ పోటీ (గెలిస్తే టర్కీ కోడి ఇస్తారు), బాక్సింగ్ డే (క్రిస్మస్ మర్నాడు) నాడు తొమ్మిది హోల్స్, తర్వాత వేడి వైను.

పోయిన జనవరిలో నేను నాలుగు శనివారాలు వెళ్తే మూడు సార్లు అసలు గ్రీన్ మీద కాలు పెట్టనివ్వలేదు. ఫీజు మాత్రం ఏడాది మొత్తానికీ లాగారు. గ్రీన్‌లన్నా తెరవాలి, లేదా చలికాలం మూడు నెలలకి ఫీజన్నా తగ్గించాలి అంటాను. మీరేమంటారు?

చలిపులి:
నా ఓటు నీకే బావా. తాత్కాలిక గ్రీన్ అంటే ఏంటో తెలియనివాళ్లకి చెప్తున్నా: గతుకుల గడ్డిలో ఒక గుండ్రటి ముక్క, మధ్యలో మామూలు దానికంటే పెద్ద కన్నం, పక్కన జెండా. పట్ చేస్తే (కన్నం వైపు మెల్లగా దొర్లిస్తే) బంతి కుందేలులా గెంతుతుంది. దాన్ని గోల్ఫ్ అనరు, గోళీలాట అంటారు.

గ్రీన్‌కమిటీ_గిరి:
సుబ్బడు గారూ, మా క్లబ్బు గ్రీన్స్ కమిటీలో ఐదేళ్లుగా ఉన్నాను కాబట్టి తిట్లు తినడం అలవాటే. అయినా చెప్తాను.

ఫ్రాస్ట్ ఉన్నప్పుడు గడ్డి ఆకు లోపలి నీళ్లు కూడా గడ్డకట్టి ఉంటాయి. దాని మీద కాలు పెడితే లోపలి మంచు ముక్కలు ఆకు కణాలను చీల్చేస్తాయి. ఆ రోజు కంటికేమీ కనపడదు. తర్వాత మన అడుగులన్నీ నల్లగా, గోధుమరంగుగా తేలతాయి. ఎవరెక్కడ నిలబడి పట్ చేశారో ముద్ర వేసినట్టు కనిపిస్తుంది.

అంతకంటే చెడ్డది మంచు కరిగే సమయం. పదింటికి ఎండొస్తుంది, పైన పచ్చగా మెత్తగా కనిపిస్తుంది, సభ్యులంతా ‘ఇంకా ఎందుకు మూశారు’ అని గొడవ మొదలుపెడతారు. అప్పటికి పైన ఒక అంగుళం మాత్రమే కరిగి, కింద ఇంకా రాయిలా ఉంటుంది. దాని మీద నడిస్తే పై పొర జారుతుంది, కింద గడ్డకట్టిన మట్టిలో ఇరుక్కున్న వేర్లు తెగిపోతాయి. నాట్లు వేసిన మడిలోకి దూడను తోలినట్టే. మన దగ్గరైతే వారంలో గడ్డి మళ్లీ లేస్తుంది. ఇక్కడ జనవరిలో గడ్డి పెరగడమే దాదాపు ఆగిపోతుంది, ఆ గాయం మానేది వసంతంలోనే. అంటే మీ ఒక్క శనివారం సరదాకి ఏప్రిల్ దాకా అందరూ గతుకుల మీద పట్ చేయాలి.

ఇంకో మాట. చలికాలం గ్రీన్‌లకి ఫ్యుసేరియం అనే బూజు తెగులు వస్తుంది. ఒకప్పుడు ఇప్రోడియోన్ కొడితే ఆగేది, 2018 నుంచి ఇక్కడ దాన్ని వాడకూడదు. వానపాముల మట్టి కుప్పలకి వాడే కార్బెండజిమ్ కూడా పోయింది. పాత మందుల్లేవు, గడ్డిని అలసిపోకుండా చూసుకోవడం ఒక్కటే మిగిలింది.

జూబ్లీ_పార్:
హైదరాబాద్ నుంచి మీ గోడు చదువుతుంటే జాలేస్తోంది. మాకు డిసెంబర్, జనవరి అంటేనే సీజన్. గోల్కొండ నయా ఖిలా దగ్గర పొద్దున్నే స్వెట్టర్ వేసుకుని మొదలుపెడితే మూడో హోల్‌కి తీసేస్తాం. సంక్రాంతికి ఇంటికొచ్చిన ఎన్నారైలతో టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) దొరకదు. ఏప్రిల్, మేలో మాత్రం తొమ్మిదిన్నరకల్లా నీడలోకి పరుగు. ఆ రెండు నెలలకి ఫీజు తగ్గించమని ఇక్కడెవరూ అడగరే?

చలిపులి:
జూబ్లీ, ఎండలో మీరు ఆడకపోవడం మీ ఇష్టం. ఇక్కడ మేం ఆడతామన్నా ఆడనివ్వరు. తేడా లేదా?

గ్రీన్‌కమిటీ_గిరి:
గడ్డి కూడా వేరండీ. అక్కడ బెర్ముడా, ఎండలో పండగ చేసుకునే రకం. ఢిల్లీ చలికే ఎండిపోయిన రంగుకొస్తుంది. ఇక్కడ బెంట్, పోవా. చలికి చావవు గానీ తొక్కితే కోలుకోవు.

ఫైఫ్_డాక్టర్:
స్కాట్లాండ్ నుంచి ఒక పెద్దాయన మాట. సముద్రం ఒడ్డున ఇసుక నేల మీద ఉన్న లింక్స్ కోర్సులో ఆడతాను. వాన ఎంత కురిసినా నీళ్లు దిగిపోతాయి, తాత్కాలిక గ్రీన్ చూసి చాలా కాలమైంది. చాలామందికి తెలియనిది ఏంటంటే, గోల్ఫ్ మొదట్లో ఎక్కువగా చలికాలపు ఆటే. గడ్డి కోసే యంత్రం వచ్చిందే 1830లో. అంతకుముందు ఎండాకాలంలో గడ్డి ఏపుగా పెరిగిపోతే బంతి ఎక్కడ పడిందో దొరికేది కాదు. చలికాలంలో గొర్రెలు, కుందేళ్లు మేసిన పొట్టి గడ్డిలో ఆడేవాళ్లు. కాబట్టి చలికాలం గోల్ఫ్ అసలు గోల్ఫ్ కాదనడం తప్పు. మీ బంకమట్టి మీద ఆడటమే చరిత్రలో తర్వాత వచ్చిన అలవాటు.

మ్యాట్‌ల గురించి కూడా చిన్నబుచ్చుకోకండి. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులోనే నవంబర్ నుంచి మార్చి దాకా ఫెయిర్‌వేలో మ్యాట్ మీద పెట్టి కొట్టాలి. అక్కడికి ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు నోరు మూసుకుని చంకలో మ్యాట్ పెట్టుకుని తిరుగుతారు.

సర్రే_సుబ్బడు:
డాక్టరు గారూ, గిరి గారూ, ఫ్రాస్ట్ విషయంలో సరే, ఒప్పుకుంటున్నా. వేర్ల సంగతి నాకు తెలియదు. కానీ ట్రాలీ మాటేమిటి? నాకు 52, నడుములో డిస్క్ జారింది. పన్నెండు కిలోల బ్యాగు భుజాన వేసుకుని బురదలో పద్ధెనిమిది హోల్స్ నడవమంటే ఎలా? గ్రీన్ మీదికి నేను ట్రాలీ తేవడం లేదుగా, ఫెయిర్‌వే పక్కన లాక్కెళ్తాను.

గ్రీన్‌కమిటీ_గిరి:
తడి బంకమట్టి మీద చక్రం దొర్లదు, జారుతుంది. జారినచోట మట్టిని సున్నం పూసినట్టు పూసేస్తుంది, ఆ పొర కింద గాలి, నీరు ఆడవు. వందమంది ఒకే సందులోంచి గ్రీన్ వైపు వెళ్తారు కాబట్టి అక్కడ ముందు బాట పడుతుంది, తర్వాత చెరువవుతుంది. అయితే ముళ్లలాంటి మొనలున్న చలికాలపు చక్రాలు దొరుకుతాయి, హెడ్జ్‌హాగ్ వీల్స్ అంటారు. వాటికి చాలా క్లబ్బులు ఒప్పుకుంటున్నాయి. నడుం నొప్పికి డాక్టరు చీటీ చూపిస్తే మా దగ్గర మినహాయింపు ఉంది, మీ దగ్గరా అడగండి. బ్యాగులో పద్నాలుగు కర్రలూ ఎందుకు? చలికాలం ఏడు చాలు, మోయడం సగం తగ్గుతుంది.

నైట్‌షిఫ్ట్_పద్మ:
మీరంతా గ్రీన్‌లు, ఫీజులు అంటున్నారు గానీ నా కష్టం ఎవరూ అడగలేదు. నేను ఆసుపత్రిలో నర్సుని, నాకు శనివారాలు దొరకవు. వారం మధ్యలో ఒక్క పొద్దు ఖాళీ. క్లబ్బుకి నలభై నిమిషాల డ్రైవ్. 7:15కి మెసేజ్ అంటే అప్పటికే నేను దారిలో ఉంటాను. వెళ్తే పదకొండు దాకా ఆగమంటారు. డిసెంబర్ చివర లండన్‌లో సూర్యుడు నాలుగు కాకముందే మునిగిపోతాడు. పదకొండుకి మొదలుపెడితే, ముందు గుంపు నెమ్మదిగా ఆడితే, పదిహేనో హోల్ దగ్గర బంతి కనపడదు. నాకు తాత్కాలిక గ్రీన్ అయినా పర్వాలేదు, ముందు రోజు రాత్రే ‘రేపు కష్టం’ అని ఒక్క ముక్క చెప్తే పడుకుంటాను కదా!

తిట్టినా, వింటర్ లీగ్ లేకపోతే నేను క్లబ్బు ఎప్పుడో మానేసేదాన్ని. ఎండాకాలంలో నన్ను పలకరించనివాళ్లు కూడా ఫ్రాస్ట్ పోయేదాకా టీ తాగుతూ కూర్చున్నప్పుడే స్నేహమయ్యారు. కిందటేడు టర్కీ పోటీలో జంటగా గెలిచాం. హోల్‌కింత అని పాయింట్లు లెక్కేసే స్టేబుల్‌ఫర్డ్ పద్ధతి కాబట్టి ఒక హోల్‌లో తొమ్మిది దెబ్బలు కొట్టినా సున్నా పాయింట్లతో సరిపోయింది, మిగతావి మావాడు లాక్కొచ్చాడు. ఇంటికి తెచ్చిన నాలుగు కిలోల పక్షిని ఏం చేయాలో తెలియక అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి కూర వండేశాను. రెండు రోజులు తిన్నాం. ఇక్కడివాళ్లలా ఓవెన్‌లో పెడితే ఆ పీచు ఎలా తింటారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఫైఫ్_డాక్టర్:
అమ్మా పద్మా, ఆ పద్ధతి పెట్టిన స్టేబుల్‌ఫర్డ్ కూడా డాక్టరే. 1932లో వాలసీ క్లబ్బులో ఆడించాడు. ఒక చెడ్డ హోల్‌తో రౌండంతా పాడైపోకూడదని ఆయన బాధ. చలికాలానికి అంతకంటే సరైన లెక్క లేదు. టర్కీ కూర గురించి మా ఆవిడ కొలతలు అడుగుతోంది.

చలిపులి:
అందరూ గిరి వైపు జారుకుంటున్నారు, ఫీజు ప్రశ్న అలాగే ఉంది. ఇవ్వని సేవకి డబ్బెందుకు?

గ్రీన్‌కమిటీ_గిరి:
ఫీజు ఆ రోజు ఆటకి టికెట్ కాదు చలిపులీ. గ్రీన్‌కీపర్ల జీతం జనవరిలో ఆగదు. నిజానికి వాళ్లకి పని ఎక్కువ ఉండేది ఇప్పుడే: మురుగు కాలువలు తవ్వడం, బంకర్లు (ఇసుక గుంటలు) బాగుచేయడం, మార్చిలో పిట్టలు గూళ్లు పెట్టకముందే చెట్లు కొట్టడం. వేసవి సెలవుల్లో పిల్లాడు బడికి పోలేదని ఫీజు తగ్గించమంటే మన ఊళ్లో కాన్వెంటువాళ్లు ఏమంటారో, మా కోశాధికారీ అదే అంటాడు. ఆడినంతకే కట్టాలనుకుంటే చాలా క్లబ్బుల్లో పాయింట్ల సభ్యత్వం ఉంది, అది తీసుకోండి.

కానీ ఒక చోట నేను మీ వైపే. కొందరు గ్రీన్‌కీపర్లు, మా పాత ఆయనతో సహా, ఫ్రాస్ట్ పోయి గంటైనా బద్ధకంతో తాత్కాలిక గ్రీన్‌లే ఉంచేస్తారు. జెండాలు మార్చడానికి ఒక మనిషి రెండు గంటలు తిరగాలి, నిజమే. అయినా మార్చాలి. అది అడగండి, పద్మ గారి రాత్రి మెసేజ్ కూడా అడగండి. ఆ రెండూ పైసా ఖర్చు లేని పనులు. ఫీజు దగ్గర తల బద్దలుకొట్టుకోకండి.

చలిపులి:
కోశాధికారి జవాబు చెప్పావు, సభ్యుడి జవాబు కాదు. పోయినేడు మాకు పదకొండు వారాలు తాత్కాలికమే. అందులో ఫ్రాస్ట్ ఉన్నది ఎన్ని రోజులో నా డైరీలో ఉంది. నేను ఏజీఎంలో (క్లబ్బు వార్షిక సమావేశంలో) లేచి అడుగుతాను.

సర్రే_సుబ్బడు:
శనివారం సంగతి చెప్తున్నా. 7:15కి మెసేజ్: పదిన్నరకి తెరుస్తాం, అన్నీ తాత్కాలిక గ్రీన్‌లే, ట్రాలీలు లేవు. గిరి గారి మాట విని ఏడు కర్రలతో వెళ్లాను. నడుము బతికింది. తొమ్మిది హోల్స్‌కి పదకొండు పాయింట్లు, చెప్పుకునేది కాదు. కానీ ఆరో హోల్‌లో ముప్పై గజాల నుంచి చిప్ చేస్తే (చిన్నగా లేపి కొడితే) బంతి రెండు గెంతులేసి ఆ పెద్ద కన్నంలోకి పోయింది. పార్ (ఆ హోల్‌కి లెక్కగా పెట్టిన దెబ్బలు) నాలుగు, నాకు మూడు. అది బర్డీయేనా (పార్ కంటే ఒకటి తక్కువ)?

చలిపులి:
గోళీలాటలో బర్డీలుండవు బావా.