3-0తో ఓడిన ఇంగ్లాండ్ రగ్బీ లీగ్ జట్టు: తప్పు ఆటగాళ్లదా, కోచ్‌దా, ప్రిపరేషన్‌దా?

లీడ్స్_తెలుగోడు:
అందరికీ నమస్కారం. శనివారం (2025 నవంబర్ 8) లీడ్స్‌లోని హెడింగ్లీలో ఆస్ట్రేలియాతో మూడో టెస్ట్ చూసొచ్చాను, రెండు రోజులైనా మనసు కుదుటపడలేదు. 26-6, 14-4, 30-8. మూడు మ్యాచ్‌లు కలిపి మనవాళ్లు చేసింది 18 పాయింట్లు, ఇచ్చింది 70. (ఎనిమిదేళ్లుగా ఇక్కడ ఉంటున్నా, ఇంగ్లాండ్‌ని మనవాళ్లనే అంటాను, ఏమీ అనుకోకండి.) ఇంకా బాధేంటంటే సిరీస్ మొత్తానికి ఒక్కటంటే ఒక్క ట్రై (బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించడం), అదీ లండన్ వెంబ్లీలో మొదటి టెస్ట్‌లో మ్యాచ్ చేజారిపోయాక చివర్లో డారిల్ క్లార్క్ పెట్టింది. లివర్‌పూల్‌లో, లీడ్స్‌లో వచ్చినవన్నీ పెనాల్టీ గోల్సే (వాళ్ల తప్పులకి దొరికిన కిక్‌లు).

22 ఏళ్ల తర్వాత జరిగిన యాషెస్ ఇది. క్రికెట్ యాషెస్ లాగే రగ్బీ లీగ్‌లోనూ ఆ పేరుతో సిరీస్ ఉంది, ఇంతకుముందు చివరిగా 2003లో జరిగింది, అప్పుడు గ్రేట్ బ్రిటన్ పేరుతో ఆడి 3-0తోనే ఓడాం. ఆస్ట్రేలియా మీద సిరీస్ గెలిచింది 1970లో, ఆ తర్వాత లేదు. అయినా వెంబ్లీకి 60,812 మంది వచ్చారు, లివర్‌పూల్‌లో ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్ వాళ్ల కొత్త స్టేడియానికి 52 వేల పైచిలుకు. జనం తమ వంతు చేశారు. జట్టు సంగతే తేలాలి.

నేను నిలబడింది సౌత్ స్టాండ్‌లో, ముందు నుంచి నాలుగో వరస. అక్కడి నుంచి ఒక విషయం టీవీలో కంటే బాగా కనిపించింది. మనవాడు బంతి పట్టుకుని దూసుకెళ్తాడు, ముగ్గురు మీద పడతారు, ఒకడు నడుము పట్టుకుంటాడు, ఒకడు బంతి మీద చెయ్యేస్తాడు, మూడోవాడు నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు, వెల్లకిలా తిప్పి పడుకోబెడతాడు. వీడు లేచి కాలితో బంతిని వెనక్కి తోసేసరికి (దాన్నే ప్లే ద బాల్ అంటారు) ఆస్ట్రేలియా వరస పది మీటర్లు వెనక్కెళ్లి, కుదురుగా నిలబడి, మళ్లీ ముందుకు రావడానికి సిద్ధంగా ఉంటుంది. మన హాఫ్‌బ్యాక్ (ఆట నడిపేవాడు) చేతికి బంతి అందేటప్పటికి వాళ్లు మూడడుగుల దూరంలో ఉంటారు. అదే వాళ్ల దగ్గర బంతి ఉన్నప్పుడు పడ్డవాడు పడీ పడగానే మోచేతి మీద లేచిపోతున్నాడు, మనవాళ్లు ఇంకా వెనక్కి నడుస్తూనే ఉన్నారు. ఆట అంతా అక్కడే పోయింది. పోరాటంలో లోటు లేదు, దెబ్బలు తిని మరీ ట్యాకిల్ చేశారు, అది మాత్రం నా కళ్లతో చూశాను.

ఇప్పుడు నా ప్రశ్న. ఇంగ్లాండ్ దీనికి ముందు ఆడిన చివరి మ్యాచ్ 2024 నవంబర్ 2న, ఇదే హెడింగ్లీలో సమోవా మీద, 34-16తో గెలిచారు. అక్కడి నుంచి 2025 అక్టోబర్ 25న వెంబ్లీ దాకా ఒక్క మ్యాచ్ లేదు. ఇక్కడి క్లబ్ పోటీ సూపర్ లీగ్ గ్రాండ్ ఫైనల్ అక్టోబర్ 11న అయింది, అంటే అది ఆడిన హల్ కేఆర్, విగన్ ఆటగాళ్లకి మధ్యలో దొరికింది సరిగ్గా రెండు వారాలు. ఇలా పంపి ప్రపంచంలోనే పెద్ద జట్టు ముందు నిలబెడితే ఏమవుతుంది? మా ఆఫీసులో అందరూ కోచ్ షాన్ వేన్‌ని తీసెయ్యాలంటున్నారు. నాకేమో తప్పు అంతకుముందే, ఏడాది పొడవునా జరిగిందనిపిస్తోంది. మీరేమంటారు?

ఆరో_ట్యాకిల్:
బ్రో, నీతో వంద శాతం ఏకీభవిస్తాను, దానికి రుజువు కూడా మన కళ్ల ముందే ఉంది. 2022 వరల్డ్ కప్ గుర్తు చేసుకో. అక్టోబర్ 15న న్యూకాజిల్‌లో మొదటి మ్యాచ్, సమోవా మీద 60-6. ఆ రోజు అందరం ఎగిరి గంతేశాం, కప్పు మనదే అన్నాం. కానీ ఆ సమోవా జట్టులో చాలామంది అప్పుడే ఆస్ట్రేలియాలో గ్రాండ్ ఫైనల్ ఆడి విమానం దిగినవాళ్లు. లువాయ్, క్రైటన్, టోఓ పెన్రిత్ తరఫున, కెప్టెన్ జూనియర్ పావులో పర్రమట్టా తరఫున (రెండూ సిడ్నీ క్లబ్బులే) అక్టోబర్ 2న ఒకరి మీద ఒకరు ఆడారు. కలిసి ప్రాక్టీస్ చేసింది ఎన్ని రోజులుంటాయి చెప్పు. సరిగ్గా నాలుగు వారాల తర్వాత అదే జట్టు, అదే ఇంగ్లాండ్, ఎమిరేట్స్ స్టేడియంలో సెమీఫైనల్. 27-26. గోల్డెన్ పాయింట్‌లో (అదనపు సమయంలో ముందు పాయింట్ చేసినవాళ్లదే గెలుపు) క్రైటన్ డ్రాప్ గోల్ కొట్టాడు. మనుషులు పెద్దగా మారలేదు, నెల రోజులు కలిసి తిని, కలిసి పడుకుని, కలిసి ఆడారు, అంతే. 54 పాయింట్ల తేడా మాయమైపోయింది.

ఇంకోటి, 2017. వేన్ బెన్నెట్ (ఇప్పటి షాన్ వేన్ కాదు, వేరే ఆయన) ఇంగ్లాండ్ కోచ్‌గా ఉన్నప్పుడు వరల్డ్ కప్ మొదటి మ్యాచ్‌లో ఆస్ట్రేలియా చేతిలో 18-4తో ఓడాం. ఐదు వారాల తర్వాత బ్రిస్బేన్‌లో ఫైనల్, 6-0. ఒక్క ట్రై తేడా. ఆ మ్యాచ్‌లో కాలమ్ వాట్కిన్స్ కాలి మడమకి జోష్ డుగన్ చెయ్యి తగలకపోయి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. కలిసి ఉండే టైమ్ ఇస్తే ఇంగ్లాండ్ ఆస్ట్రేలియాకి దగ్గరగా వెళ్లగలదు, అది ఎప్పుడో తేలిపోయిన విషయం.

సిడ్నీ_అక్క:
తమ్ముళ్లూ, మీ బాధ అర్థమైంది కానీ ఒక లెక్క మర్చిపోతున్నారు. ఆస్ట్రేలియా కూడా 2024 నవంబర్ 10న టోంగాతో పసిఫిక్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడాక మళ్లీ వెంబ్లీ దాకా ఒక్క మ్యాచ్ ఆడలేదు. పైగా కోచ్ కొత్త. మాల్ మెనింగా వెళ్లిపోయాక కెవిన్ వాల్టర్స్ వచ్చాడు, ఆయనకి ఇదే మొదటి సిరీస్. ఇక్కడి గ్రాండ్ ఫైనల్ అక్టోబర్ 5న, ఆ తర్వాత అంత దూరం విమాన ప్రయాణం. మ్యాచ్‌లు లేకపోవడమే కారణం అయితే వాళ్లకీ అదే జబ్బు ఉండాలి కదా?

ఇంకోటి చూడండి. కలిసి ఆడితే మెరుగవుతారు అన్నారు. మరి ఈ సిరీస్‌లో తేడా మొదటి మ్యాచ్‌లో 20, రెండో దాంట్లో 10, మూడో దాంట్లో 22. రెండు వారాలు అదనంగా కలిసి ఉన్నాక, సొంత గడ్డ మీద, ఇంకా ఎక్కువ తేడాతో ఓడారు.

నేను పదకొండేళ్లుగా పర్రమట్టా దగ్గర ఉంటున్నాను, మా పెద్దవాడు అండర్-14 ఆడుతున్నాడు. అసలు తేడా ప్రతి వారం ఆడే ఆటలోనే ఉంది. ఇక్కడి క్లబ్ లీగ్ ఎన్‌ఆర్‌ఎల్‌లో 17 జట్లు, వారం వారం ఎవరు ఎవరిని ఓడిస్తారో తెలియదు. దాని మీద స్టేట్ ఆఫ్ ఆరిజిన్, ఏడాదికి మూడు మ్యాచ్‌లు, న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ ప్రాణాలకి తెగించి ఆడతాయి. టెస్ట్ మ్యాచ్ కంటే అదే కష్టం అంటారు ఇక్కడివాళ్లు. ఈ ఏడాది క్వీన్స్‌లాండ్ 2-1తో గెలిచింది. ఆస్ట్రేలియా జెర్సీ వేసుకునేవాళ్లలో చాలామంది ఆ మూడు మ్యాచ్‌ల నిప్పులో కాలి వచ్చినవాళ్లే. జాతీయ జట్టుగా కలవకపోయినా అదే వాళ్ల ప్రిపరేషన్. మీ ఆటగాళ్లకి అలాంటిది ఏడాదిలో ఎన్నిసార్లు దొరుకుతుంది? గ్రాండ్ ఫైనల్, మహా అయితే ఇంకో రెండు మూడు.

నిన్న పిల్లల్ని తీసుకుని పర్రమట్టాలో ఈ ఏడాది పసిఫిక్ ఛాంపియన్‌షిప్‌లో న్యూజిలాండ్, సమోవా ఫైనల్‌కి వెళ్లాం, 36-14తో న్యూజిలాండ్ గెలిచింది. ఆ వేగం చూస్తే భయమేసింది. వచ్చే ఏడాది వరల్డ్ కప్‌లో ఇంగ్లాండ్‌కి ఆస్ట్రేలియా ఒక్కటే కాదు, వీళ్లు కూడా ఎదురుకావచ్చు. అమ్మాయిల జట్టు సంగతి కూడా ఎవరైనా మాట్లాడండి, మార్చిలో లాస్ వెగాస్‌లో ఆస్ట్రేలియా చేతిలో 90-4తో ఓడారు. నాకు ఆ స్కోరు చూసి ఏడుపొచ్చింది. అక్కడ రోజూ ఉద్యోగం చేసుకుని వచ్చి ఆడే అమ్మాయిలు ఉన్నారు, వాళ్ల గురించి ఎవరూ ఇంత పొడుగు పోస్టులు రాయరు.

ఓరుగల్లు_రైడర్:
నేను రగ్బీ పెద్దగా చూడను, కబడ్డీ ఆడినవాణ్ణి, కానీ అక్క చెప్పింది చదువుతుంటే మన కథే గుర్తొచ్చింది. 2018 జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్‌లో ఇరాన్ చేతిలో 18-27తో ఓడిపోయాం, అంతకుముందు వరసగా ఏడు స్వర్ణాలు మనవే. ఇరానోళ్లు ఎక్కడ నేర్చుకున్నారు? మన ప్రో కబడ్డీలోనే. ఫజల్ అత్రాచలి లాంటివాళ్లు సీజన్ సీజన్‌కి మన రైడర్ల కాళ్లు పట్టి పట్టి మన ఆట అంతా చదివేశారు. గట్టి లీగ్ ఉంటే అందులో ఆడినవాళ్లందరూ గట్టిపడతారు, ఏ దేశం అన్నది తర్వాత. మరి ఇంగ్లాండ్ ఆటగాళ్లు ఆ ఆస్ట్రేలియా లీగ్‌కి ఎక్కువ మంది ఎందుకు పోవట్లేదు? డబ్బు తక్కువా?

అన్నా, ఆ మూడోవాడు నెమ్మదిగా పడుకోబెట్టడం అని రాశారు చూడండి, అది చదివి లేచి కూర్చున్నా. మా దగ్గర చైన్ ట్యాకిల్ వేసినప్పుడు చివరివాడి పని అచ్చం అదే.

విగన్_బాబాయ్:
రైడర్ బాబూ, డబ్బు అక్కడే ఎక్కువ, చాలా ఎక్కువ. వెళ్తున్నారు కూడా. హెర్బీ ఫార్న్‌వర్త్ చిన్నప్పుడే వెళ్లాడు, ఇప్పుడు ఇంగ్లాండ్‌కి అందరికంటే బాగా ఆడేది అతనే అని నా అభిప్రాయం. కానీ వెళ్లినవాళ్లు పెరిగేకొద్దీ ఇక్కడి లీగ్ పల్చబడుతుంది, పైగా సీజన్ మధ్యలో ఇంగ్లాండ్ మ్యాచ్ పెడితే వాళ్లు అంత దూరం నుంచి రాలేరు. అదొక చిక్కు.

ఇక షాన్ వేన్ గురించి. నేను విగన్‌లో 20 ఏళ్లుగా ఉంటున్నాను, ఆయన కోచ్‌గా మా జట్టు 2013, 2016, 2018లో గ్రాండ్ ఫైనల్స్ గెలిచింది, కాబట్టి నాకు ఆయనంటే గౌరవం ఉంది. 2023లో టోంగాని 3-0, 2024లో సమోవాని 2-0 కొట్టాడు, అది ఎవరూ కాదనలేరు. కానీ ప్రిపరేషన్ అనే మాట వెనక ఆయన్ని దాచెయ్యడం నాకు ఇష్టం లేదు. మూడు మ్యాచ్‌ల్లో ఒక్క ట్రై అంటే అది కేవలం అలసట కాదు, దాడికి పథకం లేదు. మూడు సార్లు ముందుకి గుద్దడం, రెండు సార్లు పక్కకి పాస్, తర్వాత కిక్, ఇదే ఎనభై నిమిషాలు. టోంగా మీద, సమోవా మీద ఇది సరిపోయింది, ఎందుకంటే వాళ్లు చివరి ఇరవై నిమిషాల్లో తప్పులు చేశారు. ఆస్ట్రేలియా చెయ్యదు. ఆ సంగతి వేన్‌కి ఏడాది ముందే తెలుసు కదా.

ఇంకా లీడ్స్ ఆటగాడు జేక్ కానర్ సంగతి. ఈ ఏడాది సూపర్ లీగ్ ఉత్తమ ఆటగాడిగా మ్యాన్ ఆఫ్ స్టీల్ అవార్డు తీసుకున్నవాడిని 24 మంది స్క్వాడ్‌లోకి కూడా తీసుకోలేదు. అతను ట్యాకిల్‌లో బలహీనుడే, ఒప్పుకుంటాను. కానీ ప్రత్యర్థి వరసలో సందు ఎక్కడుందో కనిపెట్టే కన్ను అతనికి ఉంది, మనకి మూడు మ్యాచ్‌ల్లోనూ లేనిది అదే. బెంచ్ మీద కూర్చోబెట్టినా రెండో టెస్ట్‌లో 10 పాయింట్లు వెనకబడ్డప్పుడు వేరే దారి ఒకటి ఉండేది. నేను లీడ్స్ అభిమానిని కాదు, అయినా చెబుతున్నాను.

ఆరో_ట్యాకిల్:
బాబాయ్, కానర్ విషయంలో మీతో గొడవ పడను. కానీ అక్క లెక్కకి నా జవాబు ఇది. ఆస్ట్రేలియాకి ఆరిజిన్ ఉంది, మనకి లేదు అన్నప్పుడు మనకి ఇంకా ఎక్కువ మ్యాచ్‌లు కావాలనే కదా తేలుతుంది? ఉత్తర ఇంగ్లాండ్‌లోని లాంకషైర్, యార్క్‌షైర్ ప్రాంతాల మధ్య మ్యాచ్‌లు 2003 తర్వాత ఆపేశారు. తర్వాత కంబైన్డ్ నేషన్స్ ఆల్ స్టార్స్ అని సూపర్ లీగ్‌లోని విదేశీ ఆటగాళ్లతో జట్టు కట్టి 2021లో, 2022లో ఇంగ్లాండ్‌తో ఆడించారు. 2021లో ఇంగ్లాండ్ 26-24తో ఓడింది కూడా! అంటే గట్టి పోటీయే. దాన్నీ వదిలేశారు. ఫ్రాన్స్‌తో ఆడితే 2023లో 64-0, 2024లో 40-8. దాంతో ఏం నేర్చుకుంటారు? ఉన్న ఒక్క మంచి దారినీ మూసేసి ఇప్పుడు ఆటగాళ్లని తిట్టడం న్యాయం కాదు.

లీడ్స్_తెలుగోడు:
అందరివీ రెండేసి సార్లు చదివాను. అక్కా, మీరు చెప్పిన 20, 10, 22 లెక్క నన్ను బాగా ఆలోచింపజేసింది, నా మొదటి మాట కొంచెం మార్చుకుంటున్నాను. రెండు వారాల క్యాంప్‌ని నాలుగు వారాలు చేస్తే సరిపోదు. ఆరో ట్యాకిల్ చూపించిన సమోవా వాళ్లకి నెల రోజుల్లో కుదిరింది అంటే వాళ్లు అప్పటికే ఎన్‌ఆర్‌ఎల్ వేగానికి అలవాటుపడ్డవాళ్లు, వాళ్లకి కావాల్సింది ఒకరినొకరు అర్థం చేసుకోవడం మాత్రమే. మనవాళ్లకి రెండూ కావాలి, ఆ వేగం నెలలో రాదు. శనివారం నేను స్టాండ్ నుంచి చూసిన ఆ ప్లే ద బాల్ కూడా అంతే. క్యాంప్‌లో ఎవరూ నేర్పలేరు, ప్రతి శుక్రవారం రాత్రి లీగ్ మ్యాచ్‌లో ఆ వేగంతో లేవకపోతే శిక్ష పడే ఆటలోనే అది వస్తుంది.

బాబాయ్, వేన్ విషయంలో నేనింకా మెత్తగానే ఉన్నాను. కానీ కానర్‌ని తీసుకోకపోవడం మాత్రం తప్పే, శనివారం మా స్టాండ్‌లో రెండో హాఫ్ అంతా అతని పేరే. వరల్డ్ కప్ 2026 అక్టోబర్‌లో, ఆస్ట్రేలియాలో. అంటే పదకొండు నెలలు. కనీసం ఆల్ స్టార్స్ మ్యాచ్ అయినా జూన్‌లో తిరిగి పెడితే చాలని ఉంది. దాని గురించి బోర్డుకి ఉత్తరం రాస్తున్నాను, ఆరో ట్యాకిల్, పంపే ముందు నువ్వొకసారి చూడు.

అక్కా, ఒక సాయం. మీ పెద్దవాడి క్లబ్‌లో ట్యాకిల్ పడగానే లేచే ప్రాక్టీస్ ఎలా చేయిస్తారో వీలైతే ఒక చిన్న వీడియో తీసి పంపండి. ఇక్కడ ఆదివారం పొద్దున పదేళ్ల పిల్లలకి ఇద్దరు ముగ్గురం కలిసి ఆట నేర్పిస్తున్నాం, అందులో మన తెలుగు పిల్లలు ముగ్గురున్నారు. వాళ్లు కింద పడ్డాక బంతిని రెండు చేతులతో పొట్టకి హత్తుకుని అలాగే ఉండిపోతున్నారు, లేవమంటే నా వైపు చూస్తున్నారు.