అప్‌డేట్: ఆరో తరగతి అంటే భయపడిన మా అబ్బాయి సంగతి

నరసన్నపేట దగ్గర మా ఊరి బడిలో ఐదో తరగతి ముగించిన మా అబ్బాయి, హైస్కూలు పేరెత్తితేనే కడుపునొప్పి అంటున్నాడని వేసవిలో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

డాక్టరు చూసి కడుపులో ఏమీ లేదన్నారు. పనిచేసింది, ముందే ఒకసారి బడి చూపించమన్న సలహా. వరండాలో నడుస్తూ వాడే బయటపెట్టాడు: ఒక్కో పాఠానికి ఒక్కో మాస్టారు వస్తే, ఏ నోటుపుస్తకం ఎప్పుడు తీయాలో తెలియదట! అంతే బెంగ. బడి తెరిచాక టైంటేబుల్ రాసి సంచి మూత లోపలివైపు అంటించాం, పుస్తకాలకు రంగురంగుల అట్టలు వేశాం. ఆరులో కొత్తగా మొదలయ్యే హిందీకి సెలవుల్లోనే రోజూ నాలుగు అక్షరాలు దిద్దించడం కూడా కలిసొచ్చింది.

ట్యూషన్ అవసరం పడలేదు. నేను ఆరాటపడి కొన్న గైడ్లు ఇంకా కొత్తగానే ఉన్నాయి. ఇప్పుడు కడుపునొప్పి ఆదివారం సాయంత్రాలకే, అదీ హోంవర్కు మిగిలితే.