ముట్లు ఆగాక గుండె కోసం ఈస్ట్రోజెన్ వాడొచ్చా?

రాధ_విశాఖ
మా అక్కకి 38వ ఏటే గర్భసంచి తీసేశారు, దాంతోపాటు ఓవరీలు కూడా. ఇప్పుడు 44. ఈస్ట్రోజెన్ (ఓవరీల్లో తయారయ్యే ఆడ హార్మోన్) వచ్చి అతుక్కునే కణాల్లోని రిసెప్టర్లు, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాని కాపాడి గుండెకి రక్షణ ఇస్తాయని ఒక వ్యాసంలో చదివాను. అక్క చూపించుకునే డాక్టరేమో "హార్మోన్ల జోలికి పోవద్దు, గుండెకే ముప్పు" అన్నారు. రెండూ ఎలా నిజమవుతాయి?

బయోకెమ్_శ్రీను
రాధ గారూ, మీరు చదివింది నిజమే. గుండెపోటు వచ్చినప్పుడు మూసుకుపోయిన నాళాన్ని తెరిచి రక్తం పారించగానే, ఆ మొదటి నిమిషాల్లో ఇంకొంత కండరం చచ్చిపోతుంది. అప్పటికే కణంలో కాల్షియం పేరుకుని ఉంటుంది. ఆక్సిజన్ అందగానే కణాన్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ ఎగదన్నుతాయి. ఆ దెబ్బకి మైటోకాండ్రియా లోపలి పొరలో ఒక రంధ్రం తెరుచుకుంటుంది. అది మూసుకోకపోతే కణానికి ఇంధనమైన ఏటీపీ తయారీ ఆగుతుంది, మైటోకాండ్రియా ఉబ్బి పగులుతుంది, కణం పోతుంది.

ఈస్ట్రోజెన్‌కి ముఖ్యంగా మూడు రిసెప్టర్లు: ఆల్ఫా, బీటా, జీపర్. ఇందులో జీపర్ నిమిషాల్లో పనిచేస్తుంది. ఈఆర్‌కే అనే ఎంజైము ద్వారా జీఎస్‌కే-3 బీటా అనే ఇంకో ఎంజైముని అణచి, ఆ రంధ్రం తొందరపడి తెరుచుకోకుండా ఆపుతుంది. జీపర్ జన్యువు తీసేసిన చిట్టెలుకల్లో ఈస్ట్రోజెన్ ఇచ్చినా ఆ తక్షణ రక్షణ రాలేదు. జీపర్‌ని మాత్రమే తట్టిలేపే జీ-1 అనే పదార్థం మగ ఎలుకల గుండెల్లో కూడా పనిచేసింది. ఇంత స్పష్టంగా దారి కనిపిస్తుంటే హార్మోన్ అనగానే భయపెట్టడం నాకు నచ్చదు.

వార్డు_డ్యూటీ
శ్రీను గారూ, ఎలుక గుండెలో రంధ్రం మూసినంత మాత్రాన మనిషి బతికినట్టు కాదు. ఆ రంధ్రాన్నే అడ్డుకునే సైక్లోస్పోరిన్ అనే మందుని గుండెపోటు రోగులకి యాంజియోప్లాస్టీకి ముందు ఇచ్చి చూశారు. 2008లో 58 మందితో చేసిన చిన్న ట్రయల్ ఆశ పుట్టించింది. 2015లో 970 మందితో సర్కస్ ట్రయల్ వచ్చేసరికి ఏ లాభమూ తేలలేదు.

ఈస్ట్రోజెన్ సంగతి ఇంకా కష్టం. 1998లో హెర్స్ ట్రయల్: అప్పటికే గుండెజబ్బున్న 2,763 మంది స్త్రీలు. మొత్తం మీద మేలు లేదు, మొదటి ఏడాది గుండెపోట్లు పెరిగాయి. అమెరికాలోని విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ ట్రయల్‌లో 16,608 మందికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోన్ కలిపిన మాత్ర గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చారు. 2002లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. హార్మోన్ వేసుకున్నవాళ్లలో ఏడాదికి ప్రతి 10,000 మందికి గుండెజబ్బు కేసులు 7, పక్షవాతాలు 8, రొమ్ము క్యాన్సర్లు 8 ఎక్కువయ్యాయి. ఆ డాక్టరు భయం అక్కణ్ణుంచి వచ్చిందే.

బయోకెమ్_శ్రీను
ఒప్పుకుంటాను. కానీ ఆ 16,608 మంది ట్రయల్‌లో చేరినవాళ్ల సగటు వయసు 63. ముట్లు ఆగి పదేళ్లు దాటాక నాళాల్లో కొవ్వు గడ్డకట్టి ఉంటుంది, అక్కడ హార్మోన్ కథ వేరు. 2016లో వచ్చిన ఎలైట్ ట్రయల్‌లో ముట్లు ఆగిన ఆరేళ్లలోపు మొదలుపెట్టినవాళ్లకి మెడ నాళం గోడ మందమవడం తగ్గింది. పదేళ్లు దాటినవాళ్లకి తగ్గలేదు.

వార్డు_డ్యూటీ
అది నాళం గోడ మందం. గుండెపోట్లు తగ్గాయని దానర్థం కాదు. ముట్లు మామూలుగా ఆగినవాళ్లకి గుండె కోసమని ఈస్ట్రోజెన్ రాయను. ఈ మాటకి కట్టుబడి ఉంటాను.

అయితే రాధ గారి అక్క సంగతి వేరు, ఇందాకే చెప్పాల్సింది. 45 ఏళ్లలోపు రెండు ఓవరీలూ పోయినవాళ్లకి గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది, ఎముకలూ గుల్లబారతాయి. వాళ్లకి ఇచ్చేది పోయినదానికి బదులు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం లాంటి అడ్డంకులు లేకపోతే, మామూలుగా ముట్లు ఆగే వయసు దాకా హార్మోన్ ఇవ్వమనే మార్గదర్శకాలు చెబుతాయి. 63 ఏళ్లవాళ్ల లెక్కని 38 ఏళ్ల మనిషికి అంటగట్టడం తప్పు. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలోకెల్లా ఎక్కువున్న రాష్ట్రాల్లో మన ఆంధ్ర, తెలంగాణ ఉన్నాయి. చాలామందికి ఓవరీలు ఉంచారో తీశారో కూడా చెప్పరు. ఇది చూసినప్పుడల్లా కడుపు మండుతుంది. ముందు డిశ్చార్జి కాగితం చూడండి అమ్మా.

రాధ_విశాఖ
చూశాను మేడమ్. రెండూ తీశామనే రాశారు. ఈ ఆరేళ్లలో హార్మోన్ మాట ఎత్తినవాళ్లు లేరు. ఎముకల పరీక్ష కూడా చేయించలేదు. సోమవారం ఆ కాగితం పట్టుకుని అక్కని వేరే గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తున్నాను.