అమ్మవాళ్ల నాట్ల పాటలు రాసివ్వమంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మ, పెద్దమ్మ, వాడకట్టు ఆడవాళ్లు కలిపి ఎనిమిది మంది. నాట్లప్పుడు ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. పోయిన నెల గట్టు మీద నిలబడి ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టాను. రెండు లక్షల మంది చూశారు! అమ్మ కళ్లలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు ఒక మ్యూజిక్ కంపెనీ వాళ్లు ఇంటికొచ్చారు. ఇరవై వేలు ఇస్తారట, హక్కులన్నీ శాశ్వతంగా వాళ్లకే రాసివ్వాలట. కాగితమంతా ఇంగ్లీషే. అమ్మ వేలిముద్రకు సిద్ధం, టెన్షనంతా నాకే.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాడినవాళ్లకు తమ గానం మీద 50 ఏళ్ల హక్కు ఉంటుంది. ఒప్పందంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే లెక్క. కానీ ఇందులో 'శాశ్వతంగా' అని స్పష్టంగా ఉంది.

తాతల నాటి పాటలను మేం ఒకరికి రాసివ్వడం అసలు కుదురుతుందా? రేపు బతుకమ్మ దగ్గర అవే పాడి వీడియో పెడితే అడ్డుకుంటారా? ఆ ఒక్క రికార్డింగుకే అనుమతిచ్చి, వచ్చే ఆదాయంలో వాటా అడగొచ్చా? ఆడవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సాయం ఉంటుంది కదా, ఇలాంటి కాగితం కూడా చదివిపెడతారా? ఆదివారం మళ్లీ వస్తామన్నారు. తెలిసినవాళ్లు ఆలోపే చెప్పండి, దయచేసి.